చర కోడు సింహాచలం

మా ఊళ్ళో నేను భోజనానికి వెళ్ళి ఏడాది కావస్తోంది. ఇంకా తిరిగి రాలేదు. మనిషినైతే రోజూ నా కళ్ళజోళ్ళ దుకాణంలోనే కూర్చుంటున్నాను, వచ్చినవాళ్ళకి అద్దాలు బిగిస్తున్నాను. అధికారికంగా మాత్రం నేను భోజనానికి వెళ్ళినవాణ్ణే. ఇందులో ఎవరి తప్పూ లేదు. పూలవలస పురపాలక సంఘంలో ఎప్పుడూ ఎవరి తప్పూ ఉండదు.

సంగతేమిటంటే, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో చిన్నా పెద్దా ప్రతి వ్యాపారికీ పురపాలక సంఘమే ఒక క్యూఆర్ కోడు ఇవ్వాలి. డబ్బు కట్టే కోడు కాదు, అది తోటకూర అమ్మేవాళ్ళ దగ్గర కూడా ఉంది. ఇది సమాచారపు కోడు. దానిమీదకి ఫోను పట్టగానే ఆ వ్యాపారం ఏమిటో, ఎక్కడుందో, ఏం దొరుకుతుందో తెరమీద కనిపించాలి. ఈ కోడుల్లో స్టాటిక్ అనీ డైనమిక్ అనీ రెండు రకాలున్నాయనీ, ఏ వ్యాపారానికి ఏది తగునో చూసి ఇవ్వవలసిందనీ ఆ ఉత్తర్వు ఇంగ్లీషులో చెప్పింది.

మొదటి రకంలో ఒకసారి రాసింది ఇక మారదు. రెండో రకంలో పైన బొమ్మ అదే ఉంటుంది, లోపలి సమాచారం మాత్రం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇంతే తేడా. ఈ మాట నాకు పక్కనున్న సెల్‌ఫోన్ల కొట్టువాడు టీ చల్లారేలోగా చెప్పేశాడు. కానీ అంత సులువుగా అర్థమైపోతే కార్యాలయానికి గౌరవం ఏముంటుంది?

మా కమిషనర్ వామదేవరావుగారికి తెలుగంటే ప్రాణం. పాలన యావత్తూ తెలుగులో సాగాలని ఆయన పట్టు. అందుకని ఆ ఉత్తర్వుని తెనిగించే పని రెవెన్యూ విభాగంలో ఓంకారంగారికి అప్పగించారు. ఓంకారంగారు ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఇంటిపన్నులూ ఆస్తుల జప్తులూ తప్ప మరొకటి చూసిన మనిషి కాదు. ఆయన కంటికి లోకంలో ఉన్నవి రెండే: స్థిరాస్తి, చరాస్తి. కనుక స్టాటిక్ అన్నచోట ‘స్థిర కోడు’ అని రాశారు. డైనమిక్ అన్నచోట ‘చర కోడు’ అని రాశారు. రాసింది చదువుకుని, ఇంత చక్కగా కుదిరిందేమిటా అని తానే ముచ్చటపడ్డారట. ఆ ఊపులో, చేతి అలవాటుకొద్దీ, కింద నిర్వచనం కూడా తగిలించారు: “నేలకు అంటుకొనియుండి కదల్ప వీలులేని వ్యాపారమునకు స్థిర కోడును, ఒక చోటినుండి మరియొక చోటికి తరలింపదగిన వ్యాపారమునకు చర కోడును వర్తించును.”

అందులో తప్పు ఎవరికీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు, కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి అయ్యుండీ.

టౌన్‌హాల్లో సభ పెట్టారు. కమిషనర్‌గారు మైకు సవరించుకున్నారు.

“వర్తక సోదరులారా! ఏ వ్యాపారమునకు ఏ కోడు అన్నది ఏ వరునికి ఏ వధువు అన్నంత జాగ్రత్తగా నిర్ణయింపవలసిన విషయము. స్థిరమైనది స్థిరముగా ఉండవలెను. చరమైనది చరించవలెను. ఇదియే ప్రకృతి ధర్మము. ఇదియే ఇకమీదట పురపాలక ధర్మము. మన ఊరి పేరులోనే ‘వలస’ ఉన్నది. చలనము మన రక్తములో ఉన్నది!”

అందరం చప్పట్లు కొట్టాం. సమోసాలు బాగున్నాయి.

మర్నాటినుంచి బృందాలు బజారులో దిగాయి. గోడా కప్పూ ఉన్న ప్రతి దుకాణానికీ స్థిర కోడు. లోపల సమాచారం ఏం రాయాలంటే, వాళ్ళు వచ్చిన క్షణంలో అక్కడున్న వాస్తవ పరిస్థితి రాయాలి. వాస్తవం తప్ప మరేదీ రాయకూడదని కమిషనర్‌గారి ఆజ్ఞ. వాళ్ళు నా దుకాణానికి వచ్చినప్పుడు నేను ఇంటికి వెళ్ళి మజ్జిగన్నం తింటున్నాను. పక్క కొట్టువాణ్ణి అడిగి, విన్నది విన్నట్టు కోడులో ఎక్కించి, అచ్చుకొట్టి, తలుపుకి అంటించి వెళ్ళిపోయారు. ఆ రోజునుంచి ఎవరు స్కాన్ చేసినా ఒకటే: “కళ్ళజోళ్ళ దుకాణము. యజమాని భోజనానికి వెళ్ళారు.”

నేనొక్కణ్ణే కాదు. ఎదురుగా ఉన్న పరమేశం హోటల్లో ఆ పూట ఉల్లిపాయలు నిండుకున్నాయి. కాబట్టి అతని కోడు “ఈ రోజు ఉల్లిదోశ లేదు” అంటుంది. తర్వాత ఒకనాడు అతను ధైర్యం చేసి ఉల్లిదోశ వేస్తే, స్థిర సమాచారానికి విరుద్ధంగా దోశ వేశాడని నోటీసు ఇచ్చారు. పాపం అతను ఇప్పుడు ఉల్లిపాయలు తరిగి, దోశ పక్కన విడిగా కుప్పపోసి ఇస్తున్నాడు. బట్టల కొట్టు కోడేమో “ఆషాఢం తగ్గింపు రేపటితో ఆఖరు” అంటుంది. ఆషాఢం వెళ్ళింది, కార్తీకమూ వెళ్ళింది, ఆ రేపు మాత్రం వెళ్ళలేదు.

నేను ఓంకారంగారి దగ్గరికి వెళ్ళి కోడు మార్చమని అడిగాను. ఆయన నావైపు జాలిగా చూశారు.

“మారితే అది స్థిరం ఎలా అవుతుందండీ?”

“పోనీ నాకు చర కోడు ఇప్పించండి.”

“మీ దుకాణం కదులుతుందా?”

“కదలదండి.”

“కదిలే ఏర్పాటు చేసుకుని రండి, చూద్దాం.”

ఇంటికి వస్తే మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడకీ కొత్త ఫోను వచ్చింది. “పొద్దున్నా అదే చెప్తోంది, సాయంత్రమూ అదే చెప్తోంది. రోజంతా మీరు ఎవరింట్లో భోంచేస్తున్నట్టు?” అంది.

ఇంతవరకూ వేళాకోళం. అసలు బాధ సింహాచలానికి వచ్చింది.

నా దుకాణానికి రోడ్డు అవతల, బస్సుల కాంప్లెక్సు గేటు పక్కన సింహాచలం టిఫిన్ల బండి. తెల్లారకుండా పొయ్యి వెలిగించి, ఇడ్లీ, పెసరట్టు, దబ్బకాయ పచ్చడి పెడుతుంది, కాఫీ కూడా ఇస్తుంది. మొదటి బస్సు తీసే డ్రైవర్లూ, ఆసుపత్రిలో రోగుల దగ్గర పడుకుని లేచి వచ్చినవాళ్ళూ, నాలాంటి ఇంట్లో రెండోసారి కాఫీ దొరకనివాళ్ళూ అందరం అక్కడే చేరతాం. ఆమె తల్లి అక్కడే పెసరట్లు పోసింది, ఇప్పుడు ఆమె పోస్తోంది. బండి అన్నమాటే గానీ అది కదలగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. కాంప్లెక్సు ముందు సిమెంటు రోడ్డు వేసినప్పుడు, పురపాలక సంఘం కాంట్రాక్టరు బండిని పక్కకి జరిపే ఓపిక లేక, చక్రాల చుట్టూనే సిమెంటు పోసేశాడు. చక్రాలు సగందాకా రోడ్డులో దిగబడి ఉన్నాయి.

కానీ చక్రాలు చక్రాలే. బృందం వచ్చి, బండిని చూసి, చర కోడు అంటించి వెళ్ళింది.

కొన్నాళ్ళకి చలన తనిఖీ మొదలైంది. చర కోడు ఉన్న బండ్లన్నీ చరిస్తున్నాయో లేదో చూడటం దీని ఉద్దేశం. పునుగుల బండీ, చెరుకురసం బండీ, ఐస్ బండీ రోజుకో వీధి మారాలి. ఆ దెబ్బకి పునుగుల అప్పారావు పొయ్యిమీద మూకుడు పెట్టుకుని బండి తోసుకుంటూ తిరిగాడు. వెనక జనం పొట్లాలు పట్టుకుని నడిచారు. కమిషనర్‌గారు అది చూసి, ఇదే నిజమైన ప్రగతి అన్నారు.

తనిఖీ అధికారి గౌరీపతి. ఈ ఊరి పిల్లాడే. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతున్నంతసేపూ పుస్తకంలా మాట్లాడతాడు, కార్డు తీసి జేబులో పెట్టుకుంటే మనలా మాట్లాడతాడు. ఆ రోజు కార్డు మెడలోనే ఉంది.

“శ్రీమతి సింహాచలం గారికి తెలియజేయునది. తమ బండి చర కోడు పొందియుండియు చరించుట లేదు. ఈ నెలాఖరున విశాఖనుండి ప్రాంతీయ సంచాలకులవారు తనిఖీకి విచ్చేయుచున్నారు. ఆలోగా బండి చలనము చూపనియెడల, ఎత్తి డంపింగు యార్డుకు తరలింపబడును. తద్వారా చలనము సాధింపబడును.”

సింహాచలం గరిటె పక్కన పెట్టింది. “ఎల్లడానికి సెక్రాలు రావాల కదా బావుగారూ? మీరే కదేటి సిమెంటు పోసేసినారు?”

“సిమెంటు ఇంజనీరింగు విభాగమునకు చెందినది.”

“అయితే ఆలని తవ్వీమను.”

“రోడ్డు స్థిరాస్తి. దానిని తవ్వుట నేరము.”

“మరైతే నాకూ ఆ స్థిరమేదో ఇప్పించండి. ఇక్కడే ఉంతాను.”

“చక్రములు గలది స్థిరము కానేరదు.”

నేను ఉండబట్టలేక కలగజేసుకున్నాను. “ఆమె పేరులోనే అచలం ఉంది కదయ్యా. సింహ, అచలం. కదలని కొండ. ఇంతకన్నా స్థిరం ఏం కావాలి?”

గౌరీపతి కోడు మీదికి వేలు చూపించాడు. “పేరు అచలమే. కోడు చరము. కోడే చెల్లును” అన్నాడు. అని, కార్డు తీసి జేబులో పెట్టుకుని, బల్లమీద కూలబడి, సొంత అక్కని అడిగినట్టు అడిగాడు. “అప్పా, రెండు ఇడ్లీలెట్టు. నాకూ మనసేం బాగోనేదు.”

ఆమె పెట్టింది. పెడుతూనే కళ్ళు ఒత్తుకుంది. “ఈ సోటు తప్పితే నానెవులికి తెలుత్తాను గౌరీ? బస్సోలు నా పేరెరగరు. గేటు పక్క బండి అంతారు. గేటు పక్క బండి నేకపోతే నానూ నేనట్టే కదా.”

మర్నాడు డ్రైవర్లూ కండక్టర్లూ హోటలు పరమేశమూ నేనూ కలిసి బండిని నెట్టి చూశాం. చక్రం కదల్లేదు గానీ పరమేశం నడుం పట్టేసింది. కమిషనర్‌గారికి అర్జీ పెట్టాం. “చలనమునకు సంకల్పము ముఖ్యము. సంకల్పించుకొనుడు” అని దానిమీదే రాసి పంపారు.

నెలాఖరు దగ్గర పడింది. ఒక ఉదయం గౌరీపతి కార్డు జేబులో పెట్టుకుని వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

“అప్పా, ఇనుకో. పెద్దోలు తనికీ సేసీది రోడ్డుమీద కాదు, కంప్యూటర్లో. సర కోడు లోపల అడ్రసు మార్సొచ్చంట. నాను రోజూ పొద్దుట ఓ అడ్రసు ఎక్కించీతాను. ఓరోజు రైలుగేటు, ఓరోజు సినిమాహాలు. ఆల తెరమీద నీ సుక్క కదుల్తాది. నువ్విక్కడ అట్టు తిప్పుకో.”

“అబద్దం కాదేటిరా?”

“కోడు నిజంగానే మారతాది కదే. మరేటి అబద్దం?”

డైనమిక్ కోడు దేనికోసం పుట్టిందో ఆ పని పూలవలసలో జరగడం అదే మొదటిసారి.

ఇక చూడండి. కార్యాలయం గోడమీది పెద్ద తెరలో ఊరి పటం, దానిమీద ఎర్ర చుక్కలు. పునుగుల అప్పారావు చుక్క ఆయాసపడుతూ వీధికి వీధి జరుగుతుంటే, సింహాచలం చుక్క తెల్లారేసరికి ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి ఎగిరి వాలుతోంది. కమిషనర్‌గారు మురిసిపోయి, “ఆ వయసులో ఏమి వేగము!” అన్నారట.

చిక్కంతా ఫోనుని నమ్మేవాళ్ళతో వచ్చింది. బ్యాంకుకి కొత్తగా వచ్చిన మేనేజరు ఒకాయన బండి ముందు నిలబడి, పెసరట్టు వాసన పీల్చి, కోడు స్కాన్ చేశాడు. “ఓ, రైలుగేటు దగ్గరుందా?” అని వెనక్కి తిరిగాడు.

“ఓ బావూ, ఇక్కడే ఉన్నాను! ఇదిగో బండి, ఇదిగో నాను, ఇదిగో అట్టు!”

“అదికాదమ్మా, నాకు సింహాచలం బండి కావాలి” అని స్కూటరెక్కాడు. చాలాసేపటికి రైలుగేటునుంచి ఆకలితో తిరిగొచ్చి, విసుగ్గా, “ఆ బండి దొరకలేదు, పోనీ నువ్వే ఏదో ఒకటి పెట్టు” అన్నాడు. తిన్నాక, అక్కడ ఇంకా బాగుంటుందటగా అని అడిగి వెళ్ళాడు.

నెలాఖరు వచ్చింది. విశాఖనుంచి సంచాలకురాలు మందాకినిగారు దిగారు. కార్యాలయంలో తెర చూశారు. జిల్లాలో ఏ బండీ ఇంత చరించలేదని అక్కడికక్కడే నిర్ధారించి, పూలవలస చలన సూచికలో ప్రథమమని రాజధానికి పంపించేశారు. తర్వాత, ఆ ఆదర్శ మహిళని బండి ఉన్నచోటే సన్మానించాలని ముచ్చటపడ్డారు. ఆ పూట కోడు ప్రకారం బండి మార్కెట్ యార్డులో ఉంది. శాలువా, పూలదండ, సన్నాయి మేళంతో అందరూ అక్కడికి వెళ్ళారు. యార్డులో మిరపకాయల బస్తాలూ, ఒక ఆవూ ఉన్నాయి.

ఎండలో నిలబడి తుమ్మీ తుమ్మీ అలసిపోయి, మేడమ్‌గారు ముందు ఏదైనా తినాలన్నారు. జీపులు వెనక్కి మళ్ళాయి. కాంప్లెక్సు గేటు దగ్గర పెసరట్టు వాసన రాగానే ఆవిడే ఆపమన్నారు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఒక అట్టు తిన్నారు, ఇంకొకటి అడిగి తిన్నారు, పచ్చడి వేలితో నాకారు.

“ఎంత బాగుందమ్మా! నీ పేరేమిటి?”

గౌరీపతి చెయ్యి జేబులో కార్డు మీదికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చి, మళ్ళీ వెళ్ళింది.

“సింహాచలం అంతారమ్మా.”

సన్నాయివాళ్ళు ఆ పేరు వినగానే సన్మానం వేళ అయిందనుకుని ఊదడం మొదలుపెట్టి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు. మేడమ్‌గారు ఫోను తీసి కోడు స్కాన్ చేశారు. మార్కెట్ యార్డు అని వచ్చింది. బండిని చూశారు. మళ్ళీ ఫోను చూశారు. వంగి, సిమెంటులో దిగిన చక్రాలు చూశారు.

“కమిషనర్‌గారూ, ఈ బండి ఎక్కడుంది?” అన్నారు నెమ్మదిగా.

వామదేవరావుగారి నోట తెలుగు రాలేదు. సింహాచలం చేతులు తుడుచుకుంది. “నా బండి ఊరంతా తిరుగుతాదంట తల్లీ. నాను మాత్రం ఎప్పుడూ సూడ్నేదు. నాకివేటీ తెలీవు. నన్ను మాత్రం ఇక్కడినుంచి నేపకండి. మా యమ్మ సోటిది.”

రాజధానికి వెళ్ళిన కబురు వెనక్కి తెప్పించడం అయ్యే పని కాదు. బండి కదల్లేదంటే సూచిక అబద్ధం, సూచిక అబద్ధమంటే మేడమ్‌గారి సంతకం అబద్ధం. కదిలిందంటే, ఎదురుగా చక్రాలున్నాయి. అందరూ ఓంకారంగారి వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

“ఇందులో సమస్య లేదండి. బండి చలనము కోడులో నమోదైయున్నది. అట్టి బండిని ఇప్పుడు నేలమీద అంగుళము కదిపినను, నమోదైన చలనమునకు వ్యత్యాసము ఏర్పడును. కావున చలన పరిరక్షణార్థము బండిని ఎట్టి పరిస్థితిలోను కదుపరాదు.”

మేడమ్‌గారు ఆయనకేసి గురువుని చూసినట్టు చూశారు. శాలువా అక్కడే కప్పారు. సన్నాయి మోగింది.

వారం తిరక్కుండా బండి చుట్టూ ఇనుప కంచె వేసి, పచ్చరంగు బోర్డు నాటారు: “పురపాలక సంఘ ఆదర్శ సంచార ఫలహారశాల. చలన పరిరక్షణార్థము దీనిని కదుపుట శిక్షార్హము.”

“సదివినాను గానీ బోధపడ్నేదు బావూ” అంది సింహాచలం. “ఇంతకీ ఉండమనా, పొమ్మనా?”

“ఉండమనే. నిన్నిక ఎవరూ కదపలేరు.”

ఆమె పెనంమీది అట్టు తిరగేసింది. “ఇన్నాల్లూ నాను సెప్పింది అదే కదేటి” అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, పొగ అంది. ఆ రోజు పొయ్యిలో పొగేం లేదు. నేను దుకాణం తలుపు దగ్గరికి వేసి వచ్చి, బల్లమీద స్థిరంగా కూర్చుని, రెండు అట్లు చెప్పాను.

ఇంతలో ఓంకారంగారు రోడ్డు అవతల నా దుకాణం ముందు ఆగారు. మూసిన తలుపు చూసి, వెనక్కి తిరిగి నన్ను చూశారు.

“ఏమండీ, వ్యాపార వేళలో దుకాణంలో లేరేం?” అని కేకేశారు.

నోట్లో ముద్ద ఉంది. చెయ్యి ఊపాను. ఆయన అనుమానంగా ఫోను తీసి, నా తలుపుమీది కోడు స్కాన్ చేసి చదువుకున్నారు. ముఖం విప్పారింది. “సరిపోయింది” అని తలూపి వెళ్ళిపోయారు.